మొదటి పది ఎత్తులు: అపోహలు – వాస్తవాలు

ఏ జిల్లా స్థాయి చెస్ టోర్నీకి వెళ్లినా హాలు బయట వినిపించే మాటలు దాదాపు ఒకటే. ‘మావాడు సిసీలియన్ పద్దెనిమిది ఎత్తుల దాకా చూడకుండా చెప్పేస్తాడండీ’ అంటాడు ఒక తండ్రి. ‘మా పాపకు సార్ కింగ్స్ ఇండియన్ మొదలుపెట్టారు’ అంటుంది పక్కనున్న తల్లి. గంట గడిచాక అదే పిల్లలు మొహం వేలాడేసుకుని బయటికొస్తారు. ఏమైందిరా అంటే, ‘ఓపెనింగ్ బాగానే వచ్చింది, తర్వాత గుర్రం ఊరికే పోయింది’ అంటారు. ఎందుకో ఆ గుర్రం సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇంటికెళ్లేలోపు ఇంకో ఓపెనింగ్ పుస్తకం గురించి వాకబు మొదలవుతుంది.

గుడివాడ నుంచి కోనేరు హంపి, గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, వరంగల్ నుంచి అర్జున్ ఎరిగైసి వచ్చాక మన దగ్గర చెస్ నేర్చుకునే పిల్లలు బాగా పెరిగారు. వాళ్లతోపాటు ఓపెనింగ్‌ల మీద మోజూ పెరిగింది, భ్రమలూ పెరిగాయి. అసలు ఓపెనింగ్‌లో చేయాల్సింది మూడు పనులు: బోర్డు మధ్య గళ్ల మీద పట్టు సాధించడం, గుర్రాలనూ బిషప్‌లనూ బయటికి తేవడం, రాజును కోటలో పెట్టడం. సరదాకో, చిన్న టోర్నీలకో ఆడేవాళ్లు వీటికి తోడు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. పన్నెండో ఎత్తు అయ్యాక బోర్డు చూస్తే, ఇప్పుడేం చేయాలో నాకు తెలుస్తోందా? తెలిస్తే అది మీకు పనికొచ్చే ఓపెనింగ్. తెలియకపోతే దాన్ని ప్రపంచ విజేతే ఆడుతున్నా మీకు దండగే.

అపోహ: ఓపెనింగ్ కంఠతా వస్తే సగం ఆట గెలిచినట్టే.

వాస్తవం: మొదటి ఎత్తుకు తెల్లకు 20 దారులున్నాయి. బంట్లవి పదహారు, గుర్రాలవి నాలుగు. నల్లకూ అంతే. చెరో ఎత్తు అయ్యేసరికి 400 రకాల ఆటలు, చెరో రెండు ఎత్తులు అయ్యేసరికి 1,97,281. వీటిలో చాలావరకు పనికిరాని ఎత్తులే, కాదనను. కానీ మన స్థాయి ప్రత్యర్థులు ఆడేది ఎక్కువగా ఆ పనికిరాని వాటిలోంచే. గ్రాండ్‌మాస్టర్ల ఆటలో పుస్తకం దాటడం ఏ ఇరవయ్యో ఎత్తు దగ్గరో జరిగితే, కాలనీ క్లబ్బులో మూడో ఎత్తుకే జరిగిపోతుంది.

ఇటాలియన్ గేమ్‌నే తీసుకోండి. తెల్ల రాజు ముందున్న బంటును ఈ4కు తోస్తుంది, నల్ల ఈ5 అంటుంది. తెల్ల గుర్రం ఎఫ్3కి వచ్చి ఆ బంటును కొడతానంటుంది. నల్ల గుర్రం సీ6కు వచ్చి కాపు కాస్తుంది. తెల్ల బిషప్ సీ4కు చేరి ఎఫ్7 గడి మీద కన్నేస్తుంది. ఎందుకు ఎఫ్7? ఆట మొదట్లో ఆ గడికి రాజు తప్ప వేరే కాపలా లేదు కనుక. ఇప్పుడు పుస్తకం ప్రకారం నల్ల బిషప్ సీ5కో, గుర్రం ఎఫ్6కో రావాలి. ఎదుటివాడు మాత్రం హెచ్6 అని మూలనున్న ఏనుగు ముందరి బంటును ఒక గడి తోశాడు. తెల్ల గుర్రం జీ5కు వస్తుందేమోనని వాడి భయం.

కంఠతా పట్టిన కుర్రాడు ఇక్కడ బిక్కమొహం వేస్తాడు. ఎత్తుల వెనక కారణం తెలిసిన కుర్రాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు: వీడు ఈ ఎత్తుతో ఒక్క పావునూ బయటికి తేలేదు, మధ్య గళ్ల జోలికీ రాలేదు, అంటే నాకు ఒక ఎత్తు కలిసొచ్చింది. అప్పుడు డీ4 తోసి మధ్యలో ఆట తెరుస్తాడు. ఆ ఎత్తు ఏ పుస్తకం చూపించకపోయినా తడుతుంది. పద్దెనిమిది ఎత్తులు వరసగా అప్పజెప్పడం కన్నా, అయిదు ఎత్తులకు అయిదు కారణాలు చెప్పగలగడం మేలు అని కోచ్‌లు పదేపదే అనేది ఇందుకే.

అపోహ: గ్రాండ్‌మాస్టర్లు ఆడేదే మంచి ఓపెనింగ్. మనమూ అదే ఆడాలి.

వాస్తవం: పెద్ద ఆటగాళ్లు ఓపెనింగ్‌ను ఎంచుకునేది బోర్డును చూసి కాదు, ఎదురుగా కూర్చునే మనిషిని చూసి. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోరులో కాస్పరోవ్‌కు క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్‌తో అడ్డుగోడ కట్టాడు. అది కొత్తదేం కాదు, పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నదే. మంత్రులు రెండూ ముందే బోర్డు మీద నుంచి పోయి, ఆట నింపాదిగా సాగే స్థితి అది. చిచ్చరపిడుగులాంటి కాస్పరోవ్‌ను తనకిష్టమైన దాడుల దగ్గరికే వెళ్లనీయకపోవడం క్రామ్నిక్ ఎత్తుగడ. పదిహేను ఆటల్లో కాస్పరోవ్ ఒక్కటీ గెలవలేదు, కిరీటం పోయింది.

ఎనిమిదేళ్లకు అదే క్రామ్నిక్ మీద విశ్వనాథన్ ఆనంద్ ఇంకో రకంగా పావులు కదిపాడు. కెరీర్ అంతా ప్రధానంగా ఈ4 ఆడుతూ వచ్చిన ఆనంద్, 2008లో బాన్ నగరంలో తెల్లపావులతో కూర్చుని డీ4 తోశాడు. ఈ4కు జవాబుగా క్రామ్నిక్ శిబిరం నెలల తరబడి తయారుచేసుకున్నదంతా మూలన పడింది. నల్లపావులతోనూ మూడో ఆట, అయిదో ఆట ఒకే ఓపెనింగ్‌లో, సెమీ స్లావ్‌లో, గెలిచాడు. 6.5–4.5తో పోరు ముగిసింది.

ఇవి చదవడానికి భలే బాగుంటాయి. కానీ మీ వీధి చివర ఉండే ప్రత్యర్థి మీ పాత ఆటలు ముందేసుకుని మీకోసం నెలల తరబడి కసరత్తు చేయడం లేదు కదా! అలాంటప్పుడు బెర్లిన్‌లో మంత్రులు లేని ఆ స్థితి మీకెందుకు? అందులో ఎవరిది పైచేయి అన్నది గ్రాండ్‌మాస్టర్లకే ఒక పట్టాన తేలదు. నైడార్ఫ్ సిసీలియన్, గ్రున్‌ఫెల్డ్ లాంటివీ ఇదే కోవలోకి వస్తాయి. చెడ్డవి కావు. ఒక్క ఎత్తు మరిచినా మూల్యం పెద్దది, అంతే.

అపోహ: నాలుగు ఎత్తుల్లో ఆట కట్టే చిట్కాలు నేర్చుకుంటే త్వరగా పైకొస్తాం.

వాస్తవం: వేసవి శిక్షణ శిబిరాల్లో జలుబులా అంటుకునే చిట్కా ఇది. ఈ4, ఈ5. బిషప్ సీ4, గుర్రం సీ6. మంత్రి ధడాలున హెచ్5కు. ఎదుటివాడు తెలియక గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి ‘నీ మంత్రిని కొడతా’ అనగానే, మంత్రి ఎఫ్7 మీద వాలి ఆట కట్టేస్తుంది. మొదటి వారం ఈ ఎత్తుతో పదిమందిని ఓడించిన పిల్లాడికి చెస్ అంటే ఇదే అనిపిస్తుంది.

రెండో వారం ఎదుటివాళ్లు నేర్చుకుంటారు. మంత్రి హెచ్5కు రాగానే బంటును జీ6కు తోస్తారు. మంత్రి పారిపోవాలి. ఎఫ్3కి వెనక్కొచ్చి మళ్లీ ఎఫ్7 మీద బెదిరిస్తుంది. ఇప్పుడు నల్ల గుర్రం ఎఫ్6కు వచ్చి దారి మూసేస్తుంది. ఒక్కసారి ఆగి బోర్డు చూడండి. నల్ల గుర్రాలు రెండూ మంచి గళ్లలో ఉన్నాయి. జీ7 గడి బిషప్ కోసం ఖాళీగా ఉంది. తెల్ల మంత్రి రెండుసార్లు కదిలి, తన గుర్రం రావాల్సిన ఎఫ్3 గడిలోనే కూర్చుంది. ఆ గుర్రానికి ఇప్పుడు దిక్కుతోచదు. నాలుగో ఎత్తుకే నల్లది హాయైన ఆట.

2005లో హికారు నకమురా ఒక అంతర్జాతీయ టోర్నీలో రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కు తెచ్చాడు. ఎదురుగా ఉన్నది మన చెన్నై గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్. చెస్ లోకం నోరెళ్లబెట్టింది. గెలిచింది శశికిరణే. అయితే నకమురా ఆ ఎత్తు వేసింది నాలుగు ఎత్తుల్లో ఆట కట్టేస్తానన్న ఆశతో కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఉచ్చులు తెలిసి ఉండాలి. మనం పడకుండా ఉండటానికి. ఎదుటివాడు పడితేనే బాగుండే ఎత్తు, పడకపోతే మన నడ్డి విరిచే ఎత్తు అయితే దాని జోలికి పోకపోవడమే మంచిది.

అపోహ: గాంబిట్ అంటే జూదం. ఊరికే ఇచ్చిన బంటును పట్టుకు కూర్చుంటే గెలుపు మనదే.

వాస్తవం: 2020లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చాక క్వీన్స్ గాంబిట్ పేరు చెస్ ఆడనివాళ్లకూ తెలిసింది. తెల్ల డీ4, నల్ల డీ5, తెల్ల సీ4. సీ4లో బంటు ఊరికే దొరుకుతున్నట్టే ఉంటుంది. నల్ల దాన్ని కొట్టింది. తెల్ల ఈ3 అని బిషప్‌కు దారి తీసింది. దొరికిన బంటును కాపాడుకుందామని నల్ల బీ5 తోసింది. తెల్ల ఏ4 అని ఆ బీ5 బంటు మీద గురిపెట్టింది. నల్ల సీ6తో దానికి దన్ను ఇచ్చింది. తెల్ల బంటు బీ5లో కొట్టింది, నల్ల సీ6 బంటుతో తిరిగి కొట్టింది. బంట్లు లెక్కపెడితే నల్లదే పైచేయి.

అప్పుడు తెల్ల మంత్రి ఎఫ్3కి వస్తుంది. అక్కడి నుంచి ఏ8 మూల దాకా ఏటవాలుగా చూడండి: ఈ4, డీ5, సీ6, బీ7. ఒక్క గడిలోనూ అడ్డం లేదు. అడ్డముండాల్సిన నల్ల బంట్లన్నీ ఆ ఒక్క బంటును కాపాడటానికే కదిలిపోయాయి. మూలనున్న ఏనుగు చిక్కింది. దాన్ని కాపాడాలంటే కనీసం గుర్రమో బిషప్పో సమర్పించుకోవాలి. ఏడు ఎత్తులు కాకముందే ఆట అయిపోయినట్టే.

కొట్టడం తప్పు కాదు. క్వీన్స్ గాంబిట్‌లో బంటును కొట్టే పద్ధతికి ఓపెనింగ్‌గా మంచి పేరుంది. కొట్టి, తెల్ల దాన్ని తిరిగి తీసుకునేలోపు తన పావులు బయటికి తెచ్చుకోవడం ఆ పద్ధతి. పట్టుకు వేలాడటమే తప్పు.

అపోహ: ఒకే పావును రెండుసార్లు కదపకూడదు, గుర్రాన్ని అంచుకు పంపకూడదు, మంత్రిని ముందే తీయకూడదు. ఇవి చెస్ చట్టాలు.

వాస్తవం: చట్టాలు కావు, హెచ్చరికలు. ఇటాలియన్‌లోనే మూడో ఎత్తుకు నల్ల గుర్రం ఎఫ్6కు వచ్చిందనుకోండి. తెల్ల గుర్రం జీ5కు గెంతవచ్చు, అంటే ఒకే పావు రెండోసారి కదిలింది. ఎఫ్7 మీద బిషప్, గుర్రం రెండూ గురిపెట్టాయి. నల్ల డీ5తో అడ్డుకుంటుంది, తెల్ల బంటు కొడుతుంది. ఇక్కడ ‘సహజంగా’ తోచేది గుర్రంతో తిరిగి కొట్టడం. కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో దూకి తనను తాను ఇచ్చుకుంటుంది. రాజు దాన్ని కొట్టగానే మంత్రి ఎఫ్3లో చెక్ అంటూ ఇటు రాజునూ అటు డీ5లో గుర్రాన్నీ ఒకేసారి పట్టుకుంటుంది. గుర్రాన్ని కాపాడాలంటే నల్ల రాజు బోర్డు నడిమధ్యకు నడవాలి. అందుకని అనుభవమున్నవాళ్లు గుర్రంతో కొట్టరు. రెండో గుర్రాన్ని ఏ5కు, అంటే బోర్డు అంచుకు పంపి బిషప్‌ను తరుముతారు. తెల్ల ఒక ‘చట్టం’ తప్పింది, నల్ల ఇంకోటి తప్పింది. రెండూ పుస్తకం మెచ్చిన ఎత్తులే.

మంత్రి సంగతీ అంతే. స్కాండినేవియన్ డిఫెన్స్‌లో నల్ల మంత్రి రెండో ఎత్తుకే బయటికి వస్తుంది. 1995లో న్యూయార్క్‌లో కాస్పరోవ్‌తో జరిగిన ప్రపంచ పోరు పద్నాలుగో ఆటలో ఆనంద్ ఆడింది అదే. ఆట ఓడిపోయాడు కానీ ఓపెనింగ్ వల్ల కాదు, దానిలోంచి ఆయన మంచి స్థితికే వచ్చాడు.

పదేళ్ల పిల్లలకు మాత్రం వీటిని చట్టాలుగానే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. మినహాయింపులు వాళ్లే కనుక్కుంటారు.

అపోహ: ఈ4 ఆడితే దూకుడు, డీ4 ఆడితే పిరికితనం.

వాస్తవం: రెండూ సమానంగా మంచివే. పెద్ద టోర్నీల ఆటలన్నీ కలిపి చూస్తే తెల్లకు వచ్చే పాయింట్లు వందకు 54, 55 దగ్గర ఉంటాయి. ముందు కదిపే హక్కుకున్న విలువ అంతే. దాన్ని ఈ4తోనే రాబట్టాలన్న రూలు లేదు. జీవితమంతా ఈ4కే ఓటేసిన బాబీ ఫిషర్ 1972లో రెక్‌యవిక్‌లో స్పాస్కీ మీద ఆరో ఆటను సీ4తో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఆట క్వీన్స్ గాంబిట్‌లోకి మళ్లింది. ఫిషర్ ఆ ఆటను ఎంత చక్కగా గెలిచాడంటే, ఓడిన స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు.

అపోహ: ఓపెనింగ్ తెలియనివాడు పెద్ద ఆటగాణ్ని ఓడించలేడు.

వాస్తవం: మీర్ సుల్తాన్ ఖాన్ పేరు మన పిల్లలకు పెద్దగా తెలియదు, తెలియాలి. అప్పటి పంజాబ్ పల్లెలో పుట్టి దేశీ చదరంగం నేర్చుకున్నాడు. ఆ ఆటలో బంటు మొదట్లోనూ ఒక్క గడే కదులుతుంది, మనం చూసే పద్ధతిలో కోట కట్టడమూ లేదు. అంటే యూరప్‌లో శతాబ్దాలుగా పోగుపడ్డ ఓపెనింగ్ విద్య ఆయన నేర్చిన ఆటకు అక్కరకు రాదు. 1929లో జమీందారు ఉమర్ హయాత్ ఖాన్ వెంట లండన్ వెళ్లి, అదే ఏడు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. 1930–31 హేస్టింగ్స్ టోర్నీలో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకానే ఓడించాడు. ఓపెనింగ్‌లో తరచూ వెనకబడేవాడు, ఆట ముదిరేకొద్దీ పుంజుకునేవాడు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది, 2024లో. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు!

1980లో స్వీడన్‌లోని స్కారాలో ఇంకో విచిత్రం. ప్రపంచ విజేత కార్పోవ్ ఈ4 ఆడితే, ఇంగ్లండ్ ఆటగాడు టోనీ మైల్స్ ఏ6 అని అంచు బంటును ఒక గడి తోశాడు. కొత్తగా నేర్చుకునే పిల్లాడు ఆడితే కోచ్ చెవి మెలిపెట్టే ఎత్తు అది. మైల్స్ ఆట గెలిచాడు.

అపోహ: అలాగైతే ఓపెనింగ్‌తో పనే లేదు. ఎలా మొదలుపెట్టినా ఒకటే.

వాస్తవం: పై కథలు విని కొందరు ఈ రెండో గట్టుకు చేరతారు. వాళ్లకు 1858లో పారిస్ ఒపెరా హౌస్‌లో పాల్ మర్ఫీ ఆడిన ఆట చూపించాలి. ఒకవైపు మర్ఫీ, ఇంకోవైపు ఒక డ్యూక్, ఒక కౌంట్ కలిసి. పదిహేడో ఎత్తుకు ఆట కట్టు. ఆ ఆఖరి స్థితిలో నల్ల రాజు పక్కనున్న బిషప్, మూలనున్న ఏనుగు ఆట మొదట్లో పెట్టినచోటే ఉన్నాయి, ఒక్క గడీ కదల్లేదు. మర్ఫీ తన మంత్రితో సహా పావులన్నీ దాడిలో ఖర్చుపెట్టి, మిగిలిన ఒక ఏనుగు, ఒక బిషప్‌తో ఆట ముగించాడు. ఓపెనింగ్ ఎందుకో ఈ ఒక్క ఆటను పిల్లాడి ముందు నెమ్మదిగా ఆడి చూపిస్తే తెలుస్తుంది. ఇందులో కంఠతా పట్టాల్సింది ఏమీ లేదు.

అపోహ: లండన్ సిస్టమ్ ముసలివాళ్ల ఆట.

వాస్తవం: డీ4, బిషప్ ఎఫ్4, ఈ3, సీ3. ఎదుటివాడు ఏమాడినా దాదాపు ఇదే అమరిక. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి గంటసేపు ఆడుకునేవాళ్లకు ఇంతకంటే సుఖమైనది కష్టం. 2023లో అస్తానాలో నెపోమ్నియాషీతో ప్రపంచ కిరీటం కోసం తలపడ్డ డింగ్ లిరెన్ ఆరో ఆటను దీనితోనే గెలిచాడు. దీని జబ్బు ఇంకొకటి: ఎదుటివాణ్ని చూడకుండానే ఎత్తులు వేసేసే అలవాటు. బిషప్ సీ1 నుంచి ఎఫ్4కు వెళ్లిపోగానే బీ2 బంటుకు కాపలా పోతుంది. నల్ల సీ5 తోసి మంత్రిని బీ6కు తెస్తే, చూసుకోకుండా ఆడేవాడి బంటు ఎగిరిపోతుంది. పిల్లలకైతే ముందు ఇటాలియన్, ఈ4కు జవాబుగా ఈ5, డీ4కు జవాబుగా డీ5 నేర్పమంటాను. మధ్య గళ్ల కోసం నేరుగా జరిగే కొట్లాట అందులో కళ్లకు కడుతుంది.

అపోహ: కంప్యూటర్ 0.3 ఎక్కువ చూపించిన ఎత్తే సరైన ఎత్తు.

వాస్తవం: 0.3 అంటే బంటులో మూడో వంతు కూడా లేదు. రెండు ఎత్తుల తర్వాత గుర్రాన్నే మరిచిపోయే ఆటలో ఆ తేడా లెక్కకే రాదు.

అపోహ: ఓడితే ఓపెనింగ్ మార్చేయాలి.

వాస్తవం: 2024 చివర్లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ పోరు మొదటి ఆటలో ఈ4 ఆడాడు. డింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్‌తో జవాబిచ్చి గెలిచాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి తెల్లపావులతో, మొదటి ఆటలోనే దెబ్బ. ఈ4ను వదిలేశాడా? మూడో ఆటలో డీ4 ఆడి గెలిచాడు. అయిదో ఆటలో మళ్లీ ఈ4 తోశాడు, మళ్లీ ఫ్రెంచే ఎదురైంది, ఆట డ్రా అయింది. పద్నాలుగో ఆటలో, 55వ ఎత్తుకు డింగ్ ఏనుగును ఎఫ్2కు జరిపిన పొరపాటుతో కిరీటం చేతులు మారింది. అప్పటికి ఓపెనింగ్ అయిపోయి గంటలు గడిచాయి.

ఓడిన ఆటను రాసుకున్న స్కోరుషీటు ముందేసుకుని, మీరు తెలిసి ఆడిన ఆఖరి ఎత్తు కింద గీత గీయండి. ఆ పక్క ఎత్తు ఏమై ఉండాల్సిందో ఒక్కటే చూసి నోటుబుక్కులో రాసుకోండి, కారణంతో సహా. తర్వాత పావు పోయిన ఎత్తు కింద ఇంకో గీత గీయండి. రెండు గీతల మధ్య పది ఎత్తుల దూరం ఉంటే ఓపెనింగ్ పుస్తకం మూసేసి, రెండో గీత దగ్గర కూర్చోండి.